ఔరేలియా దారిన, ఔరేలియా కోసం

టూరిన్ నడిబొడ్డు నుంచి పడమటి వైపు వెళ్తే బోర్గో సాన్ పావొలో అనే పేట వస్తుంది. చూడదగ్గ స్థలాల జాబితాల్లో దీని పేరు పెద్దగా కనబడదు. రాజభవనాలు, పాతకాలపు కాఫీ హోటళ్ళు, వానలో తడవకుండా ఎంత దూరమైనా నడవగలిగే కమాన్ల వసారాలు అన్నీ ఊరి మధ్యలోనే ఉన్నాయి. ఇక్కడున్నవి ఐదారంతస్తుల పాత ఇళ్ళు, కింద రొట్టెల దుకాణాలు, బెంచీల మీద కబుర్లాడుకునే ముసలివాళ్ళు. కార్మికుల పేట ఇది. ఆ ఇళ్ళ మధ్య నుంచి ఉన్నట్టుండి సుమారు 70 మీటర్ల ఎత్తున ఒక భవనం లేస్తుంది. రోడ్డు దాని కింద నుంచే పోతుంది. ఆ రోడ్డు పేరు వియా విన్చెంజో లాంచా. టూరిన్‌లో దిగగానే నేను చూడాలనుకున్నది దీన్నే.

మా మేనల్లుడు ఇక్కడి పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ పీజీ చేస్తున్నాడు. "మామయ్యా, టూరిన్ వచ్చినవాళ్ళంతా ఫియట్ గురించి అడుగుతారు. మీరేంటి, ఎవరూ కొనని లాంచా గురించి అడుగుతున్నారు?" అన్నాడు.

వాడి ప్రశ్నలో న్యాయముంది. మన ఇళ్ళకు టూరిన్ నుంచి నడిచొచ్చింది ఫియటే. ఫియట్ 1100ను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారుచేశారు. అదే తర్వాత ప్రీమియర్ పద్మినిగా మన డాక్టర్ల ఇళ్ళ ముందు, లాయర్ల ఆఫీసుల ముందు నిలబడింది. లాంచా మాత్రం మన వీధుల్లోకి రాలేదు. నాకు ఆ పేరు పరిచయమైంది ఇంజనీరింగ్ కాలేజీలో, థియరీ ఆఫ్ మెషీన్స్ చదివే రోజుల్లో. పిస్టన్ల కుదుపును ఎలా సమం చేయాలో చెప్పే పాఠం అది. మా మాస్టారు బోర్డు మీద వి ఆకారంలో ఆరు సిలిండర్లు గీసి, దీన్ని మొదట కార్లలో వరసగా తయారుచేసి అమ్మినవాళ్ళు ఇటలీ వాళ్ళు, కారు పేరు లాంచా ఔరేలియా అని చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయారు. ఆ లెక్క ఎవరు చేశారన్నది చెప్పలేదు. పుస్తకంలోనూ లేదు. ఆ మనిషి పేరు ఫ్రాంచెస్కో దె విర్జీలియో అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఈ ప్రయాణం మనసులో ఉంది.

భవనం కింద నిలబడి పైకి చూస్తే ముందు గుర్తొచ్చేది కథ ముగింపు. 1950ల్లో కంపెనీ మంచి ఊపులో ఉన్నప్పుడు యజమాని జాన్ని లాంచా తమ ఆఫీసుల కోసం దీన్ని తలపెట్టాడు. గీసింది నీనో రొజానీ అనే ఆర్కిటెక్ట్. ఆఫీసులు ఒక వైపు, ఫ్యాక్టరీ ఒక వైపు, మధ్యలో రోడ్డు. 1957లో భవనం పూర్తయ్యేసరికి కంపెనీ జాన్ని చేతుల్లో లేదు. కట్టించినవాడు అందులో కూర్చోనేలేదు.

కంపెనీ మొదలైంది 1906లో. విన్చెంజో లాంచా ఫియట్‌లో రేసు డ్రైవరు. స్నేహితుడు క్లౌదియో ఫొగొలీన్‌తో కలిసి సొంత కంపెనీ పెట్టుకుని, కొన్నేళ్ళకు ఈ పేటకు వచ్చాడు. 1922లో లాంబ్డా అనే కారు చూపించాడు. అప్పటిదాకా కారంటే కింద బండి చట్రం, పైన పెట్టె. లాంబ్డాలో పెట్టే చట్రం, చట్రమే పెట్టె. ముందు చక్రాలు రెండూ దేనికది విడిగా ఎగిరి దిగేవి. పో నది ఒడ్డున ఉన్న నేషనల్ ఆటోమొబైల్ మ్యూజియంలో లాంబ్డా ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. 1922 నాటి వస్తువులా లేదది. ఎంత కిందికి ఉందో, ఎంత బిగువుగా ఉందో చూస్తే పక్కనున్న సమకాలీనులన్నీ గుర్రబ్బగ్గీల చుట్టాల్లా అనిపిస్తాయి.

విన్చెంజో 1937 ఫిబ్రవరిలో 55 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. ఆయన ఆఖరి కారు అప్రీలియా అప్పుడే బయటికొస్తోంది. భార్య అదేలె కంపెనీ బాధ్యత తీసుకుంది. అదే ఏడాది ఆల్ఫా రోమియో నుంచి విత్తోరియో యానో ఇక్కడికి వచ్చాడు. రేసింగ్ చరిత్ర తెలిసినవాళ్ళకు ఈయన పరిచయం అక్కర్లేదు. ఆల్ఫాకు పీ2, పీ3 వంటి విజేతల్ని ఇచ్చినవాడు. 1939లో ఒక యువకుడు చేరాడు. దక్షిణాన రెజ్జో కలాబ్రియాలో 1911లో పుట్టి, టూరిన్‌లో ఇంజనీరింగ్ చదువుకున్న దె విర్జీలియో. ఉత్తరాది ఫ్యాక్టరీ నగరానికి దక్షిణాది కుర్రవాడు రావడం ఇటలీలో పాత కథే. అయితే వీళ్ళలో చాలామంది లేత్ దగ్గరికి వస్తే, ఈయన డ్రాయింగ్ బల్ల దగ్గరికి వచ్చాడు.

యుద్ధం వచ్చింది. బాంబులు పడ్డాయి. మామూలు మనుషులకు కార్లు తయారుచేసే పరిస్థితి లేదు. ఆ ఏళ్ళలో దె విర్జీలియో కాగితం మీద ఒక చిక్కుముడి విప్పుతూ కూర్చున్నాడు.

ఆ చిక్కుముడి ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కారు గొప్పతనమంతా అక్కడే ఉంది. పిస్టన్ పైకి పోతుంది, ఆగుతుంది, కిందికి వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. దిశ మార్చుకున్న ప్రతిసారీ ఇంజన్‌ను కుదుపుతుంది. ఆరు సిలిండర్లను ఒకే వరసలో నిలబెడితే ఒకదాని కుదుపును మరొకటి మింగేస్తుంది. అందుకే వరస ఆరు ఇంజన్ అంత మెత్తగా తిరుగుతుంది. కానీ అది పొడవు. ముక్కు పొడవైతే కారు బరువంతా ముందుకు పోతుంది, మనుషులకు చోటు తగ్గుతుంది. లాంచా వాళ్ళకు పొట్టి ఇంజన్లంటే ఇష్టం. లాంబ్డా నుంచీ వాళ్ళు నాలుగు సిలిండర్లను సన్నని వి ఆకారంలో ఒదిగించేవారు. పొట్టిగా ఉండేది గాని అదురు ఉండేది. యుద్ధం తర్వాత రాబోయే పెద్ద కారుకు ఆరు సిలిండర్ల మెత్తదనం కావాలి, పొట్టితనమూ కావాలి.

అయితే మూడూ మూడూగా రెండు వరసలు చేస్తే సరిపోదా? అక్కడే ఉంది కిటుకు. మూడు సిలిండర్ల వరసలో పైకీ కిందికీ ఉండే కుదుపులు రద్దయినా, ఇంజన్ ఒక కొస లేస్తే మరో కొస వంగుతుంది. పైగా ఆరు సిలిండర్లలో మంట సమానమైన వ్యవధుల్లో పడాలి. క్రాంక్ షాఫ్ట్ 120 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒకటి చొప్పున పడాలి. లేకపోతే నడక తడబడుతుంది. అందుకే ఎంతో మంది ఈ ఆకారాన్ని తలచుకుని వదిలేశారు. దె విర్జీలియో వదల్లేదు. రెండు వరసల మధ్య కోణం సన్నగా ఉంటే ఏమవుతుంది, వెడల్పు చేస్తే ఏమవుతుంది అని ఒక్కో కోణాన్నీ లెక్కగట్టాడు. యుద్ధం తర్వాత నమూనా ఇంజన్లు తయారుచేసి కార్లలో పెట్టి తిప్పి చూశారు. చివరికి తేలింది 60 డిగ్రీలు. ఆరు కనెక్టింగ్ రాడ్లకు క్రాంక్ షాఫ్ట్ మీద ఆరు వేరు వేరు పిన్నులు. మంట సమానంగా పడింది, అదురు లొంగింది, రెండు వరసల నడుమ కార్బురేటర్‌కు చోటు కూడా దొరికింది.

ఇవాళ ప్రపంచంలో ఏ మూల వి6 ఇంజన్ తిరుగుతున్నా, దాని వెనుక ఈ కలాబ్రియా మనిషి కాగితాలున్నాయి. మన ఇంజనీరింగ్ పిల్లలకు ఆ ఇంజన్ బొమ్మ గీసి చూపిస్తున్నాం, ఆయన పేరు చెప్పడం లేదు. నాకది అన్యాయంగా తోస్తుంది.

కారు 1950 మే నెలలో టూరిన్ మోటార్ షోలో బయటపడింది. బీ10 అని ఫ్యాక్టరీ పేరు, ఔరేలియా అని లోకానికి. రోమ్ నుంచి సముద్రం అంచునే ఉత్తరానికి వచ్చే ప్రాచీన రోమన్ రహదారి పేరది. అక్కడి నుంచి లాంచా వాళ్ళు ఆ ఆనవాయితీ పట్టుకున్నారు. అప్పియా, ఫ్లమీనియా, ఫ్లావియా, ఫుల్వియా, అన్నీ రోమన్ దారులే. ఇంజన్ 1754 సీసీ, 56 హార్స్ పవర్, గంటకు 135 కిలోమీటర్ల వేగం. ఇప్పుడు వింటే చిన్న అంకెలే. యుద్ధంలో కుదేలై ఐదేళ్ళయినా కాని దేశంలో, నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుని గంటల తరబడి ఆ వేగంతో, చప్పుడు లేకుండా పోగలగడం చిన్న విషయం కాదు.

ఎవరు కొనేవారు? వకీళ్ళు, సర్జన్లు, మిల్లు యజమానులు, పెద్ద ఉద్యోగులు. డబ్బుంది గాని దాన్ని వీధిలో చాటుకోవడం ఇష్టం లేనివాళ్ళు. టూరిన్ స్వభావమే అలాంటిదని ఇక్కడివాళ్ళు చెబుతారు, నాకూ అలాగే కనిపించింది. రోమ్‌లో ఉండే ఆర్భాటం ఈ ఊళ్ళో లేదు. భవనాల ముందు భాగం సాదాగా ఉంటుంది, లోపలి మెట్ల వరస చూస్తే మతిపోతుంది.

అలాంటి కారు ఒకదాన్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం మా మేనల్లుడి ప్రొఫెసర్ ద్వారా కలిగింది. ఆ పేటలోనే ఒక రిటైర్డ్ పెద్దాయన దగ్గర 1951 నాటి బీ10 ఉందట. ఆయన తండ్రి లాంచాలో మిల్లింగ్ మెషీన్ మీద పనిచేశారు. గ్యారేజీ షట్టరు ఎత్తగానే నల్లటి కారు కనిపించింది. గుండ్రటి వీపు, నిటారు ముక్కు, మెరుపు రేకులు చాలా తక్కువ. ఎవరైనా చూసి, బాగుంది అని ముందుకు పోయే కారు.

ఆయన మాట్లాడకుండా ముందు తలుపు, వెనక తలుపు ఒకేసారి తెరిచారు. రెండూ ఎదురెదురుగా రెక్కల్లా విచ్చుకున్నాయి. మధ్యలో స్తంభం లేదు! తలుపులు పైన కప్పుకీ కింద గడపకీ బిగుసుకుంటాయి. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ కూడా ఒంగకుండా, నలగకుండా ఎక్కి కూర్చోవచ్చు. స్తంభం లేకపోతే కారు పెట్టె బలహీనపడుతుంది కదా అనడిగాను. మేనల్లుడు అనువదించాడు. ఆయన సమాధానంగా తలుపు వేశారు. ఇనప్పెట్టె మూసిన చప్పుడు వచ్చింది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది స్టీరింగ్. కుడివైపు ఉంది, మన కార్లలో లాగే. ఇటలీలో రోడ్డుకు కుడివైపున నడుపుతారు కాబట్టి స్టీరింగ్ ఎడమవైపు ఉండాలి. కానీ లాంచా వంటి ఖరీదైన కార్ల కంపెనీలు 1950ల దాకా కుడి స్టీరింగే ఇచ్చేవి. కొండదారుల్లో రోడ్డు అంచు ఎక్కడుందో, చక్రం లోయకు ఎంత దగ్గరలో ఉందో డ్రైవరుకు కనబడాలన్నది కారణం. అది మెల్లగా హోదాకు గుర్తు కూడా అయింది. ఆల్ప్స్ కొండలు ఊరి చివరే మొదలయ్యే టూరిన్‌లో ఆ కారణం వెంటనే అర్థమవుతుంది. ఎడమ స్టీరింగ్ ఔరేలియాలు తర్వాత వచ్చాయి.

బానెట్ ఎత్తితే ఇంజన్ ఇంతేనా అనిపించింది. అల్యూమినియం బ్లాకు, లోపల ఇనప లైనర్లు, అటు మూడు ఇటు మూడు. నేను ఎన్నోసార్లు కాగితం మీద గీసిన బొమ్మ నూనె వాసనతో ఎదురుగా ఉంది. ఆయన తాళం తిప్పారు. ఇంజన్ లేవగానే ఒక చిన్న వణుకు, తర్వాత ఏమీ లేదు. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చదనం తెలిసింది, అదురు తెలియలేదు. డెబ్భై ఏళ్ళు దాటిన ఇంజన్!

"దీని అందం చూడాలంటే కింద పడుకోవాలి" అన్నారాయన. గ్యారేజీలో కారు కింద గొయ్యి ఉంది. బల్బు పట్టుకుని దిగాం.

మామూలు కార్లలో ఇంజన్ వెనకే క్లచ్, గేర్ బాక్స్ ఉంటాయి. ఔరేలియాలో ఇంజన్ ఒక్కటే ముందుంది. క్లచ్, గేర్ బాక్స్, డిఫరెన్షియల్ మూడూ ఒకే అల్యూమినియం పెట్టెలో వెనక చక్రాల మధ్య ఉన్నాయి. వెనక బ్రేకు డ్రమ్ములు కూడా చక్రాల్లో కాకుండా ఆ పెట్టెకు ఇటూ అటూ అతుక్కున్నాయి. దీనివల్ల రెండు లాభాలు. కారు బరువు ముందుకూ వెనక్కూ సమంగా పంచుకుంటుంది. చక్రంతో పాటు ఎగిరి పడే బరువు తగ్గుతుంది కాబట్టి గతుకుల మీద చక్రం రోడ్డును వదలదు. వెనక చక్రాలకు ఐమూలగా అమర్చిన చేతులున్నాయి. ఈ సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ అమరికతో వచ్చిన మొదటి కారు ఇదే. కొన్నేళ్ళకు బీఎండబ్ల్యూ, ఆ తర్వాత మెర్సిడెస్ ఇదే దారి పట్టాయి. వెనక గేర్ బాక్స్ అమరికను 1964లో ఫెరారీ 275 జీటీబీ, 1972లో ఆల్ఫెట్టా, తర్వాత పోర్షా అందుకున్నాయి. రేడియల్ టైర్లు ఫ్యాక్టరీ నుంచే వేసుకుని వచ్చిన తొలి కార్లలోనూ ఔరేలియా ఉంది. మిషెలిన్ ఎక్స్ అప్పుడు కొత్తగా వచ్చిన టైరు.

బల్బు వెలుగులో నేను చూసింది ఇంకొకటి. కొనుక్కున్నవాడు జన్మలో చూడని ఆ పెట్టె మీద పోత పనితనం ఎంత శుభ్రంగా ఉందంటే, ఒక్క అనవసరమైన గీత లేదు. బోల్టులు కూడా లెక్క ప్రకారం సమాన దూరాల్లో కూర్చున్నాయి. దీన్ని మిల్లింగ్ చేసినవాళ్ళలో తన తండ్రి ఉండి ఉంటారని ఆయన నమ్మకం. నేనూ నమ్మాను.

తర్వాత ఆయన మమ్మల్ని పో నది దాటించి తూర్పు కొండల మీదికి, సుపెర్గా బసిలికా దాకా తీసుకెళ్ళారు. 1949లో టూరిన్ ఫుట్‌బాల్ జట్టు మొత్తం విమాన ప్రమాదంలో పోయింది ఈ కొండ మీదే. ఆయన అక్కడ కారు ఆపి, టోపీ తీసి, ఒక నిమిషం ఊరుకున్నారు. దిగేటప్పుడు మలుపులు వరసగా వచ్చాయి. గేరు స్టీరింగ్ పక్కనే ఉన్న కొమ్మతో మారుస్తారు. అక్కడ కదిపితే కారు చివర్న ఉన్న పెట్టెలో పళ్ళు మారాలి. అంత దూరపు అమరికలోనూ కొమ్మ తడబడలేదు. నేను ఎడమవైపు కూర్చుని, ఎదురుగా వచ్చే బస్సుల్ని ముందు నేనే చూస్తూ, మలుపులో కారు వంగకపోవడం గమనిస్తూ వచ్చాను.

మర్నాడు అద్దెకు చిన్న ఫియట్ తీసుకుని నేనూ మేనల్లుడూ దక్షిణానికి బయల్దేరాం. టూరిన్ నుంచి సవోనా దాకా మోటార్‌వే. సవోనాలో సముద్రం కనిపించాక మోటార్‌వే వదిలి పాత రోడ్డు పట్టుకున్నాం. ఎస్ఎస్1, అంటే ఔరేలియా. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో రోమన్లు మొదలుపెట్టిన దారి ఇప్పుడు రోమ్ నుంచి ఫ్రాన్స్ సరిహద్దున వెంటిమీలియా దాకా పోతుంది. కుడివైపు నీళ్ళు, ఎడమవైపు కొండ. జెనోవా ఊరు దాటడానికే మధ్యాహ్నమంతా పట్టింది. ఓడరేవు, ఫ్లైఓవర్లు, స్కూటర్ల గుంపులు. ఆ సంగతి వదిలేస్తాను.

సెస్త్రి లెవాంతె దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలి బ్రాకో కనుమ ఎక్కుతుంది. సుమారు 600 మీటర్ల ఎత్తు. మోటార్‌వే రాకముందు జెనోవా, పీసాల మధ్య తిరిగే లారీలన్నీ ఈ మలుపుల్లోనే మూలిగేవి. ఇప్పుడు మోటార్ సైకిళ్ళవాళ్ళు సరదాగా వస్తున్నారు. మా చిన్న కారు రెండో గేరులో రొప్పుతుంటే, ఔరేలియా గంటల తరబడి ఇలాంటి దారుల్లో తిరగడం కోసమే పుట్టిందని ఒంటికి తెలిసింది.

ఈ దారుల్లోనే ఔరేలియా పేరు మోగింది. 1951లో బీ20 అనే రెండు తలుపుల కూపే వచ్చింది. ఇంజన్ 2 లీటర్లకు పెరిగింది. ఆ ఏడాది మిల్లె మీల్యా రేసులో జొవాన్ని బ్రాకో, ఉంబెర్తో మాల్యోలి ఈ కారులో రెండో స్థానంలో వచ్చారు. ముందున్నది 4.1 లీటర్ల ఫెరారీ ఒక్కటే. రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళే కారు రేసు కార్లను వెనక్కి నెట్టింది. 1952లో సిసిలీలో జరిగిన తార్గా ఫ్లోరియో రేసును ఫెలీచె బొనెత్తో గెలిచాడు. 1954లో మాంటె కార్లో ర్యాలీని లూయీ షిరోన్ గెలిచాడు. అప్పటికి బీ20 ఇంజన్ దాదాపు రెండున్నర లీటర్లు, 118 హార్స్ పవర్ అయింది.

బలం పెరిగేకొద్దీ ఒక లోపం బయటపడింది. వేగంగా మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం తన్నుకుపోయేది. గొయ్యిలో దిగి నేను మెచ్చుకున్న ఆ ఐమూల చేతులే కారణం. 56 హార్స్ పవర్ కోసం గీసినవి రెట్టింపు బలానికి చాలలేదు. 1954లో దె దియోన్ అనే వేరే రకం ఇరుసు పెట్టి సరిచేశారు. నాలుగేళ్ళ కిందట తామే ప్రపంచానికి పరిచయం చేసినదాన్ని పక్కనపెట్టారు. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. గొప్ప ఇంజనీర్లు తమ పాత ఆలోచన మీద మమకారం పెంచుకోరు.

కర్రారా దగ్గర ఎడమవైపు కొండలు తెల్లగా కనిపించాయి. మంచేమోనని మేనల్లుడు ఫొటో తీశాడు. పాలరాయి గనులవి. పీసా దాటి లివోర్నో చేరి, ఊరికి దక్షిణాన కలఫూరియా అనే చోట ఆగాం. రాతి కొండ నిటారుగా సముద్రంలోకి దిగుతుంది, అంచున పాత కావలి బురుజు. దీనో రీజి 1962లో తీసిన 'ఇల్ సోర్పాస్సో' సినిమా చివరి ఘట్టం ఇక్కడే తీశారు. విత్తోరియో గాస్మన్ ఔరేలియా బీ24 ఓపెన్ కారులో ఒక మొహమాటపు విద్యార్థిని ఎక్కించుకుని రోమ్ నుంచి ఇదే రోడ్డున వస్తాడు, అడ్డమైన బండినల్లా దాటుకుంటూ. చివరికి కారు ఇక్కడ లోయలో పడుతుంది, పాపం ఆ కుర్రవాడు పోతాడు. ఇటలీలో ఔరేలియా అనగానే నూటికి తొంభై మందికి గుర్తొచ్చేది ఆ ఓపెన్ కారే. పినిన్ ఫరీనా గీసిన ఆ కారు నిస్సందేహంగా అందగత్తె. 1954, 55ల్లో తయారైన తొలి రకం స్పైడర్లు 240. వేలంపాటల్లో ధర చుక్కలనంటుతుంది.

ఆ సాయంత్రం బురుజు దగ్గర మెట్ల మీద కూర్చుని మిగతా కథ మేనల్లుడికి చెప్పాను. జాన్ని లాంచా డబ్బు లెక్క చూసుకోలేదు. కార్లు బాగున్నాయి గాని వాటి తయారీకి ఖర్చు ఎక్కువ, అమ్ముడయ్యేవి తక్కువ. ఎనిమిదేళ్ళలో అన్ని రకాల ఔరేలియాలూ కలిపి సుమారు 18 వేలు. అది చాలదన్నట్టు రేసుల్లోకి దిగాడు. యానో గీసిన డీ24 అనే రేసు కారు 1953లో మెక్సికోలో కరేరా పానమెరికానా రేసు గెలిచింది, 1954లో మిల్లె మీల్యా గెలిచింది. తర్వాత ఫార్ములా వన్ కోసం డీ50. 1955 మే 22న మొనాకోలో వాళ్ళ డ్రైవరు అల్బెర్తో అస్కారి డీ50తో సహా సముద్రంలో పడి బతికి బయటపడ్డాడు. నాలుగు రోజులకు మోంజాలో ఫెరారీ కారు నడుపుతూ చనిపోయాడు. కంపెనీకి అది తట్టుకోలేని దెబ్బ. జూలైలో డీ50లన్నిటినీ బోర్గో సాన్ పావొలో ఫ్యాక్టరీ ముంగిట్లో ఫెరారీకి అప్పగించేశారు. మరుసటి ఏడాది ఫాంజియో అనే డ్రైవరు వాటితోనే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. యానో కూడా ఫెరారీకి సలహాదారుగా వెళ్ళి డీనో వి6 ఇంజన్‌కు రూపమిచ్చాడు. లాంచాను సిమెంటు వ్యాపారి కార్లో పెసెంటి తీసుకున్నాడు. 1969లో ఫియట్ కొనేసింది, షేరుకు ఒక్క లీరా చొప్పున.

"అయితే మంచి ఇంజనీరింగే కంపెనీని ముంచిందన్నమాట" అన్నాడు మేనల్లుడు.

నేను ఒప్పుకోలేదు. ముంచింది రేసుల ఖర్చు, ఆకాశహర్మ్యం మీద మోజు, పద్దులు చూడని యాజమాన్యం. గేర్ బాక్స్ వెనక పెట్టడం వల్ల ఏ కంపెనీ మునగదు. ఔరేలియా తర్వాత 1957లో వచ్చిన ఫ్లమీనియాలో అదే అమరిక, 60 డిగ్రీల వి6, 1970 దాకా నడిచాయి. ఇటలీ రాష్ట్రపతి ఉత్సవాల్లో ఎక్కే ముదురు నీలం ఓపెన్ కారు ఇప్పటికీ ఫ్లమీనియాయే. జాన్ని దివాళా తీసినా ఆయన ఇంజనీర్లు దివాళా తీయలేదు.

నా మట్టుకు అసలైన ఔరేలియా వేలంపాటల్లో మెరిసే స్పైడర్ కాదు. ఆ నల్లటి నాలుగు తలుపుల బీ10. సినిమా అందం, రేసు గెలుపు దాని తర్వాత వచ్చినవి. ఒక సర్జన్ తెల్లవారుజామున లేచి పక్క ఊరి ఆసుపత్రికి అలసట లేకుండా చేరాలి, తిరిగొచ్చాక పిల్లల్ని బడికి దింపాలి. ఆ మామూలు పని కోసం అంత లెక్క, అంత శ్రద్ధ పెట్టారు. ఎవరూ చూడని చోట కూడా తగ్గలేదు. అలాంటి కారు ఇటలీలో మళ్ళీ రాలేదన్నది నా అభిప్రాయం.

మన పిల్లలు ఇప్పుడు టూరిన్‌కు, మిలాన్‌కు చదువులకు వెళ్తున్నారు. వెళ్ళినవాళ్ళు వెనిస్, రోమ్ ఎలాగూ చూస్తారు. ఒక్క పూట నేషనల్ ఆటోమొబైల్ మ్యూజియానికి, మిరాఫియోరిలోని హెరిటేజ్ హబ్‌కు కేటాయించండి. రెండోది చూడాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి. ఇక్కడ పాఠం చెప్పే మాస్టార్లకు కూడా నాదొక విన్నపం. బోర్డు మీద వి6 గీసినప్పుడు పక్కన ఫ్రాంచెస్కో దె విర్జీలియో అని కూడా రాయండి.